పరదేశపు వీధులలో పాటల పద్దు

సంగీతమును గూర్చి వ్రాయువారు సాధారణముగా రాగతాళములను గూర్చియు, గాయకుల ప్రతిభను గూర్చియు వ్రాయుదురు. పాట వినినవారిచ్చిన కాసు ఎచ్చటికి పోయినదని విచారించువారు అరుదు. కళను గూర్చి మాటలాడునపుడు డబ్బు లెక్క తీయుట అరసికతయని మనలో నొక భావము పాతుకొనియున్నది. మేము బడిపంతులము. లెక్కలు దిద్దుట మా వృత్తి. కావున ఈ అరసికతను చదువరులు మన్నింతురుగాక.

కొంతకాలము క్రిందట నొక సాయంకాలము మేము మా యింటి అరుగుపై పిల్లల లెక్కల పుస్తకములు దిద్దుచుండగా, ఎనిమిదేండ్లు మించని బాలుడొకడు మెడలో చిన్న డోలు వ్రేలాడవేసికొని వచ్చి, మా వాకిట నిలిచి వాయించుచు పాడెను. గొంతు బొంగురుపోయి యుండినను శ్రుతి తప్పలేదు. మా ఇల్లాలు లోపలినుండి యొక నాణెము తెచ్చి వాని చేతిలో పెట్టినది. వాడు దానివంక చూడనైన చూడక, పరుగున పోయి వీధిచివర వేపచెట్టు క్రింద కూర్చున్న యొక మనుష్యునకిచ్చి, మరల పొరుగింటి వాకిట నిలిచెను. ఇదంతయు చూచిన మా అమ్మాయి, “నాన్నగారూ, అమ్మ ఇచ్చిన డబ్బు ఆ అబ్బాయిదా, ఆయనదా?” అని యడిగెను. ఆ మనుష్యుడు వాని తండ్రియో, మేనమామయో, మరెవ్వరో మేమెరుగము. జవాబు చెప్పలేక మరల పుస్తకములలో తలదూర్చితిమి.

అయినను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. అది చిన్నపిల్ల ప్రశ్నయే గాని, దానికి జవాబు వెదకుచు ఐరోపా ఖండమున అనేక సంవత్సరములు పెద్దపెద్దవారు శ్రమపడిరి. శాసనసభలు చట్టములు చేసినవి. పందొమ్మిదవ శతాబ్దమున ఇటలీ దేశమునుండి పారిసు, లండను, న్యూయార్కు నగరములకు పోయి వీధులలో వాయించిన బాలుర చరిత్రయే ఆ జవాబు. ఆ చరిత్రను జమాఖర్చుల దృష్టితో చదువరుల ముందుంచుట మా యుద్దేశము.

ఇటలీ దక్షిణభాగమున బసిలికాత యను మండలమునందు విజ్జానో అను కొండయూరు కలదు. అచ్చటివారు వ్యవసాయము చేసికొని బ్రదుకుచుండిరి. కాని వారికి హార్పు అను తంత్రీవాద్యమునందు తరతరములుగా వచ్చిన నేర్పుండెను. ప్రభువుల మందిరములలో నుండు పెద్ద హార్పును కాక, భుజమున మోసికొని పోదగిన చిన్నదానిని వారు వాడుచుండిరి. ఒకరు హార్పు, ఒకరు ఫిడేలు, మరియొకరు వేణువు పట్టుకొని చిన్న మేళముగా కూడి, క్రిస్మసు పండుగకు నేపుల్సు నగరమునకు పోయెడివారు. క్రమముగా ఆ యాత్ర పొడవై, ఆల్ప్సు పర్వతములు దాటి ఐరోపా అంతయు వ్యాపించి, తుదకు సముద్రము దాటి అమెరికా ఖండములకు చేరినది. ఉత్తరమున పార్మా పట్టణమునకు ఎగువనున్న కొండపల్లెలనుండి వేరొక తెగ వీధివాద్యకారులు బయలుదేరిరి. వారిది పిడి త్రిప్పిన మ్రోగెడు ఆర్గను పెట్టె. తోడుగా కోతియో, మరియే తరిఫీదు పొందిన జంతువో యుండెడిది.

ఈ రెండు వాద్యములకును గల భేదము అర్థశాస్త్రదృష్టిని మిక్కిలి ముఖ్యమైనది. హార్పు వాయించువాని మూలధనము వాని వ్రేళ్లలో నున్నది. దానిని సంపాదించుటకు సంవత్సరములు పట్టును గాని, సంపాదించిన పిదప నెవ్వరును జప్తు చేయలేరు. ఆర్గను పెట్టెలో పాట ముందే బిగింపబడియున్నది. పిడి త్రిప్పుటకు విద్య యక్కరలేదు. మూలధనమంతయు పెట్టెలోనే యున్నది, పెట్టె మరియొకనిది. ఈ బాలుడు కాకున్న ఆ బాలుడు త్రిప్పగలడు. విద్య పనిముట్టులోనికి పోయినకొలదిని, పనివాని వెల తగ్గిపోవును.

ఇక ఖర్చు పద్దు చూతము. పేదవాడు పరదేశమునకు పోవలెనన్న మొదట కావలసినది దారిఖర్చు. పర్వతములను కాలినడకను దాటినను దారిలో తిండి కావలెను. అమెరికాకు పోవలెనన్న ఓడకూలి కావలెను. పరదేశము చేరినపిదప తలదాచుకొన చోటు, వాద్యమునకు అద్దె, చలికి బట్టలు, పారిసు వంటి నగరములలో పోలీసువారి అనుమతిపత్రము. ఇవి యన్నియు పాట పాడకముందే పెట్టవలసిన ఖర్చులు. జమ యన్ననో పాట పాడిన పిదప, అదియు కాసు కాసుగా వచ్చునది. ఈ రెంటి నడుమ నున్న సందులోనికి యొక మనుష్యుడు ప్రవేశించెను. ఇటలీ భాషలో వానికి ‘పద్రోనే’ యని పేరు. యజమాని యని యర్థము.

పద్రోనే సామాన్యముగా ఆ ప్రాంతపువాడే. ఒకప్పుడు తానును వీధిలో వాయించి నాలుగు డబ్బులు కూడబెట్టుకొనినవాడు. అతడు పల్లెకు వచ్చి తల్లిదండ్రులతో నొడంబడిక చేసికొనును. పిల్లవానిని రెండు మూడేండ్లకు తనతో పంపవలెను. తిండి, బట్ట, బస తనవి. కుటుంబమునకు నిర్ణీతమైన సొమ్ము ముట్టజెప్పును. వీధిలో వచ్చిన సంపాదన తనది. పత్రము సక్రమముగా వ్రాయబడును. అక్షరములెరుగని తల్లిదండ్రులకు అదియొక ధర్మపత్రమువలె కనబడెడిది.

అట్టి యొడంబడికకు తల్లిదండ్రులేల సమ్మతించిరని చదువరులు కోపింపవచ్చును. కోపించుటకు ముందు వారి లెక్కను గూడ చూడవలెను. కొండవాలున చిన్న చెక్క భూమి, దానిపై అప్పు. 1857 డిసెంబరు 16వ తేదీని బసిలికాతయందు ఘోరమైన భూకంపము వచ్చి పదివేలకు పైగా ప్రజలు మరణించిరి. 1861లో ఇటలీ ఏకరాజ్యమైనది గాని పేదవాని పన్నులు తగ్గలేదు. 1869 మొదలుకొని మరలో ఆడించుకొన్న పిండిపై గూడ పన్ను పడినది. ఒక నోరు తగ్గి కొంత సొమ్ము చేతికి వచ్చునన్న, ఆ యింటివారు దానిని బిడ్డనమ్ముటగా తలపలేదు. పని నేర్చుకొనుటకు పంపుటగా తలచిరి. దారిద్ర్యము ప్రేమను చంపదు. ప్రేమచేత తప్పుడు లెక్క వేయించును.

ఇది మన తెలుగువారికి క్రొత్త కథ కాదు. విశాఖపట్టణ, గోదావరి మండలములనుండి రంగూనునకు పోయిన కూలీలను తలచుకొనుడు. వారి నడుమ నుండిన ‘మేస్త్రీ’ ఇట్టివాడే. ఓడకూలి తాను పెట్టును. ఇంటివారికి బయానా యిచ్చును. రంగూను చేరినపిదప కూలి డబ్బు తన చేతిమీదుగా నిచ్చుచు, ఇచ్చిన దానిని విరుగగోసికొనును. మేస్త్రీ లేకున్న పేదవాడు సముద్రము దాటలేడు. మేస్త్రీ యుండుటచేత దాటియు దరిజేరలేడు. దేశములు వేరైనను అప్పు నడకయొక్కటియే.

ఇప్పుడు జమ పద్దు. లండను వీధులలోని పేదల జీవనమును ఇంటింట తిరిగి వ్రాసిన హెన్రీ మేహ్యూ అను పత్రికారచయిత, 1850 ప్రాంతమున ఆ నగరమునందు వీధివాద్యకారులు సుమారు 1,000 మంది యుండిరని యంచనా వేసెను. వీరిలో కొందరు విద్యచేతను, కొందరు వినలేనంత బాధ కలిగించుటచేతను డబ్బు సంపాదించుచుండిరని ఆయన పరిహాసముగా వ్రాసెను. పరిహాసమైనను ఇందులో సత్యము కలదు. పాటకు వెల యున్నట్లే మౌనమునకును వెల యుండెను. రోగి పండుకొనియున్న యింటిముందో, పండితుడు చదువుకొనుచున్న గదిక్రిందనో నిలిచి పిడి త్రిప్పినచో, పొమ్మనుటకే కాసులు వచ్చెడివి.

ఇట్లు బాధపడినవారిలో ప్రసిద్ధుడు చార్లెసు బాబేజి. నేటి గణనయంత్రములకు మూలపురుషుడుగా కీర్తింపబడు గణితవేత్త ఈయనయే. వీధివాద్యముల మూలమున తన పని చేయు శక్తిలో నాలుగవవంతు నశించినదని 1864లో ప్రకటించిన తన గ్రంథమున ఆయన లెక్క కట్టెను. అదే సంవత్సరమున పార్లమెంటు సభ్యుడు మైకేలు బాసు ప్రయత్నముచే వీధిసంగీతపు చట్టము పుట్టినది. గృహస్థుడు పొమ్మనిన పిదప పోని వాద్యకారునకు 40 షిల్లింగుల వరకు జుల్మానా, లేక మూడు దినముల వరకు ఖైదు. బాసుగారి ప్రయత్నమును బలపరచుచు చార్లెసు డికెన్సు వ్రాసిన యుత్తరముపై టెన్నిసను, కార్లయిలు మున్నగు మహనీయులు సంతకము చేసిరి.

ఈ ఘట్టమున మనమొక నిమిష మాగవలెను. బాబేజి తన నష్టమును లెక్క కట్టెను. ఆ లెక్క తప్పని మేమనము. విద్వాంసునికి ప్రశాంతత కావలెను. కాని వీధిలో నిలిచిన బాలుని నష్టమును ఆ చట్టము లెక్కింపలేదు. జుల్మానా పడినది పిడి త్రిప్పిన చేతికి. పెట్టె నద్దెకిచ్చినవాని మీద పడలేదు. వాకిటినుండి తరిమినచో ఆ బాలుడు ప్రక్క వీధికి పోవును గాని యింటికి పోలేడు. ఏలయన, సాయంకాలము వట్టిచేతులతో పోయినచో వానికి దెబ్బలు కాచుకొనియుండును. మన శాస్త్రములలో ఘట్టకుటీప్రభాతన్యాయమని యొకటి కలదు. సుంకము తప్పించుకొన దలచిన వర్తకుడు రాత్రియంతయు అడ్డదారులబడి నడచి, తెల్లవారునప్పటికి సుంకపు పాక యెదుటనే తేలెనట. ఈ బాలుర పగలంతయు అట్టి రాత్రియే. ఏ వీధిలో తిరిగినను చీకటి పడునప్పటికి పద్రోనే యెదుట లెక్క యొప్పగింపక తప్పదు.

ఆ లెక్క యెట్టిది? వచ్చిన కాసులన్నియు పద్రోనే సంచిలోనికి. వారినుంచిన గదులలో అనేకులు కిక్కిరిసి పండుకొనెడివారు. గడువు తీరునప్పటికి ఏదో నెపమున తగవు పెట్టి తరిమివేయుటయు కద్దు. అప్పుడు చివర నీయవలసిన సొమ్ము గూడ మిగిలిపోవును. పారిసు నగరములోని ఇటాలియనుల ధర్మసంఘము 1868లో ఈ బాలుర స్థితిని విచారించి యొక నివేదిక వెలువరించెను. ఇల్లు విడిచిన నూరుగురిలో ఇరువదిమంది మాత్రమే స్వదేశమునకు తిరిగివచ్చుచున్నారనియు, ముప్పదిమంది పరదేశములలోనే నిలిచిపోవుచున్నారనియు, తక్కిన యేబదిమంది రోగములచేతను, లేమిచేతను, దెబ్బలచేతను నశించుచున్నారనియు ఆ సంఘమువారు వ్రాసిరి. ఏ వ్యాపారి పద్దులోనైనను సరకులో సగము దారిలో చెడిపోయినచో ఆ వ్యాపారము మూతపడును. ఇచ్చట మూతపడలేదు, ఏలయన చెడిపోయిన సరకు పద్రోనే కొనినది కాదు. బిడ్డను పెంచిన ఖర్చు తల్లిది.

ఈ లెక్క నింకొక విధముగా సరిదిద్ద బూనిన మహాపురుషుడు జోసెఫు మాజినీ. ఇటలీ స్వాతంత్ర్యమునకై జీవితము ధారపోసిన యీ దేశభక్తుని పేరు మన దేశమునందు సుపరిచితము. లాలా లజపతిరాయి ఉర్దూ భాషలో ఆయన చరిత్రము వ్రాసియున్నాడు. 1837లో ప్రవాసిగా లండను చేరిన మాజినీ వీధులలో తన దేశపు బాలురను చూచెను. వారితో మాటలాడగా వారి బానిసత్వము తెలిసినది. ఆయన చేతిలో డబ్బు లేదు. తానే యప్పులలో నుండెను. అయినను 1841 నవంబరు 10వ తేదీని హాట్టన్ గార్డెను ప్రాంతమున వారికొరకు ఉచిత పాఠశాల తెరచెను. పగలంతయు వారు వీధిలో నుండవలసినవారు గనుక పాఠములు రాత్రివేళ. చదువుట, వ్రాయుట, లెక్కలు, భూగోళము, చిత్రలేఖనము నేర్పెడివారు. ఆదివారములందు ఇటలీ చరిత్రము చెప్పెడివారు. ఉపాధ్యాయులకు జీతములు లేవు. పిల్లలను కొట్టిన పద్రోనేలను న్యాయస్థానమునకీడ్చుటకు గూడ ఆయన పూనుకొనగా, తక్కినవారికి కొంత భయము కలిగెను.

పాఠ్యక్రమమున లెక్కలుండుట మా వంటివారికి ప్రత్యేకముగా తోచును. పొద్దున బయలుదేరిన బాలుడు సాయంకాలమునకెన్ని పెన్నీలు తెచ్చెనో తానే లెక్కించుకొని, ఒడంబడికలో వ్రాసిన గడువును తానే చదువుకొన గల్గిన నాడు, పద్రోనే పత్రమునకు సగము బలము తగ్గును. బెత్తము భయముకంటె నజ్ఞానము గట్టి గొలుసు. 1855లో న్యూయార్కు నగరమునందు బాలసహాయ సంఘమువారు ఇటాలియను పిల్లలకై తెరచిన పాఠశాలయు ఈ దారిలోనిదే.

చట్టము ఆలస్యముగా వచ్చినది. ఇటలీ పార్లమెంటు 1873 డిసెంబరు 21వ తేదీని, పదునెనిమిదేండ్లలోపు పిల్లలను దేశదిమ్మరి వృత్తులకై అప్పగించుటను, తీసికొనిపోవుటను నేరముగా శాసించెను. అమెరికా సంయుక్తరాష్ట్రములు 1874 జూన్ 23వ తేదీని అట్టి చట్టమునే చేసినవి. 1879లో న్యూయార్కు రేవున పిల్లలతో దిగిన అంకరోలా యను పద్రోనే యీ చట్టము క్రింద పట్టుబడి శిక్ష పొందెను. వెనుకటి చట్టము చేతిని శిక్షించినది. ఈ చట్టములు సంచిని శిక్షించినవి. భేదము గుర్తింపదగినది. అయినను పల్లెలోని యప్పు తీరలేదు గనుక, కొంతకాలమునకు పేదపిల్లలు ఫ్రాన్సుదేశపు గాజు కొలుముల కడ తేలిరి. హార్పు పోయి కొలిమి వచ్చెను. యొడంబడిక మాత్రము మారలేదు.

పరదేశమునకు పోయి వీధిలో వాయించుటయే పాపమని మేము చెప్పుచున్నామని యెవ్వరును తలపవలదు. జర్మనీలో పాలటినేటు మండలపు పడమటి పల్లెలనుండి, ముఖ్యముగా మాకెన్‌బాఖ్ ప్రాంతమునుండి, 1830 ప్రాంతము మొదలుకొని 1914 యుద్ధము వరకు తండోపతండములుగా వాద్యకారులు పరదేశములకు పోయిరి. ఆంగ్లదేశమేమి, అమెరికాయేమి, ఆస్ట్రేలియాయేమి, వారు పోని చోటు లేదు. వారును పేదలే, వారికిని నాయకుడుండెను, ఒడంబడికయుండెను. కాని స్వరలిపి చదువనేర్చిన వారగుటచే ఒకని మేళము నచ్చకున్న మరియొకని మేళములో చేరగలిగెడివారు. తెచ్చుకొనిన సొమ్ముతో స్వగ్రామములలో ఇండ్లు కట్టుకొనిరి. విజ్జానోలోనే 1875లో పుట్టిన లియొనార్దో దె లొరెంజో చిన్నతనముననే అమెరికాకు పోయి, మహావిద్వాంసుడు మాలరు న్యూయార్కు వాద్యగోష్ఠికి నాయకుడుగా నున్న కాలమున అందు ప్రధాన వేణువాదకుడై, పిమ్మట రాచెస్టరు సంగీతవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఊరొక్కటియే. విద్య తన దైనవానికి యాత్ర మెట్టయ్యెను. పనిముట్టు పరుల దైనవానికి గొయ్యి యయ్యెను.

కథకు తుది ఘట్టము న్యూయార్కులో జరిగినది. 1936లో ఆ నగరాధ్యక్షుడు లాగ్వార్డియా వీధి ఆర్గనులకు అనుమతి నిరాకరించెను. ఆయన తండ్రి ఇటలీనుండి వచ్చి అమెరికా సైన్యమున వాద్యబృందనాయకుడుగా పనిచేసినవాడు. బాల్యమున తమ యూరికి కోతితో వచ్చిన ఆర్గనువానిని చూచి తోటిపిల్లలు తన్ను ఎగతాళి చేసిరని ఆయన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. ఆ యవమానము నెవ్వరు కాదనగలరు? కాని అవమానపడిన బాలుడొకడైన, ఆ పెట్టె మోసి చచ్చిన బాలురనేకులు. పెట్టెను తొలగించుట సులభము. ఆ పెట్టెను వాని వీపునకెత్తిన యప్పును తొలగించుట కష్టము.

చదువరులారా, ఈ కథనంతయు చదివి, ఇకమీద వాకిట నిలిచిన బిడ్డకు కాసు వేయకుండుటయే ధర్మమని మీరు తీర్మానించుకొందురేమోయని మాకు భయము. అది బాబేజిగారి మార్గము. మేము చెప్పదలచినది అది కాదు. పరుల పాట విని డబ్బిచ్చు గృహస్థు, ఆ డబ్బుతో కొన్ని ప్రశ్నలు గూడ ఇయ్యవలెను. ఈ ప్రయాణమునకు దారిఖర్చు పెట్టినదెవ్వరు? ఈ వాద్యము ఎవ్వరిది? రాత్రి లెక్క యెవ్వరు చూతురు? ఈ బిడ్డకు తెరచియున్న బడి యున్నదా? పల్లెనుండి పట్టణమునకు గాని, దేశమునుండి దేశమునకు గాని, ఏ విద్యతోనైనను ఏ కూలికైనను పోవువారి విషయమై యీ నాలుగు ప్రశ్నలును చెల్లును. మన యిండ్లలో పనికి కుదిరిన పసిబిడ్డల విషయమై మొట్టమొదట చెల్లును.

మరునాటి సాయంకాలము మేము వేపచెట్టు కడకు పోతిమి. అచ్చట నెవ్వరును లేరు. మూడు రాళ్ల పొయ్యియు, కొంత బూడిదయు మాత్రము మిగిలియుండెను. ముందటి రోజుననే లేచిపోయి అడిగియుండవలసినది. అరుగుదిగి పది యడుగులు వేయుటకు మాకు బద్ధకమయ్యెను. ఆ పద్దు మా పేరనే వ్రాసికొంటిమి. ఇంటికి వచ్చి మా అమ్మాయితో, “ఆ డబ్బు ఎవరిదని అడిగితివి కదా, అమ్మా. అప్పు ఎవరు పెట్టిరో తెలిసినగాని డబ్బు ఎవరిదో తెలియదు. ఈసారి వాడు వచ్చినపుడు నన్ను పిలువుము, ఇద్దరము పోయి అడుగుదము” అని చెప్పితిమి. నాటినుండి వీధిలో డోలు మ్రోగినపుడెల్ల అది తలుపు కడకు పరుగెత్తి చూచుచున్నది.